మోకాటి లోతు సముద్రయానం

మోకాటి లోతు నీళ్లలో దిగి నిలబడితే అది వేట అవుతుందా, ప్రయాణం అవుతుందా అన్న సందేహం మా గవ్వలదిబ్బలో పుట్టి పెరిగిన ఎవరికీ ఎన్నడూ రాలేదు. ప్రభుత్వానికి వచ్చింది.

ముందు ఆ వేట సంగతి చెప్పాలి. మా తీరం పళ్లెంలా ఉంటుంది. పాటు తీసినప్పుడు, అంటే నీరు వెనక్కి పోతున్నప్పుడు, రెండు వందల అడుగులు లోపలికి నడిచినా నీరు తొడ దాటదు. అక్కడ ఇసుక తిన్నె అంచున, చిన్న కాలవలా పల్లం ఉన్న చోట ఒక చేప పడుకొని ఉంటుంది. దాని తల ఎవరో పీట వేసి కూర్చున్నట్టు చదునుగా ఉంటుంది. ఒళ్లంతా ఇసుక కప్పుకొని, కళ్లు రెండూ పైకి పెట్టుకొని, నీటితో జారి వచ్చే చిన్న చేపల కోసం కాచుకుంటుంది. మేము పలకతల అంటాం. దానిది పెద్ద నోరు, చిన్న బుద్ధి. కూర మాత్రం అమృతం.

దాన్ని పట్టడంలో మా తమ్ముడు దానయ్యను మించినవాడు లేడు. కొన్నేళ్ల క్రితం పట్నం నుంచి గేలం కర్రతో వచ్చిన ఒకాయన మెత్తటి ప్లాస్టిక్ చేపపిల్లను ఒడ్డున మరచిపోయాడు. వేలితో కదిపితే తోక ఆడించే ఎర అది. దానయ్య దాన్ని మూడు రోజులు జేబులో పెట్టుకొని తిరిగాడు. నాలుగో రోజు నుంచి చిరిగిన ఎరలను ఏరుకొచ్చి, పాలడబ్బాలో కరిగించి, మట్టి అచ్చుల్లో పోసి, తన ఎరలు తనే చేసుకుంటున్నాడు. విసిరి, అడుగుకు తాకనిచ్చి, కర్ర కొనను రెండుసార్లు పైకెత్తి వదులుతాడు. “లేసినప్పుడు సూత్తాది, పడ్డప్పుడు మింగుతాది” అని అతని సూత్రం.

నడకకు కూడా ఒక పద్ధతి ఉంది. పాదం ఎత్తకూడదు, ఇసుకలో ఈడ్చాలి. తోకలో ముల్లున్న టేకు చేప అడుగున పడుకొని ఉంటే, ఈడ్చిన కాలికి తప్పుకుంటుంది, ఎత్తి వేసిన కాలిని పొడుస్తుంది. ఇంకొకటి, ఒకచోట నిలబడకూడదు. నీరు ఎటు తీస్తే అటు తిన్నె వెంట సాగిపోవాలి. వలల పాక దగ్గర దిగినవాడు అర మైలు అవతల ఐసు షెడ్డు దగ్గర ఎక్కుతాడు. “దిగిన సోటే ఎక్కినోడు తానానికొచ్చినోడు, ఏటకొచ్చినోడు కాదు” అంటాడు దానయ్య.

ఈ వేట పట్నంలో మోజుగా మారింది. ఆదివారం వస్తే మా తీరంలో గేలం కర్రలు రెల్లుగడ్డిలా మొలిచేవి. అలా వచ్చినవాళ్లలో ఒక పళ్ల డాక్టరు వలల పాక దగ్గర దిగి, చేపల ధ్యాసలో ఐసు షెడ్డు దగ్గర ఎక్కి, అక్కడ టీ తాగుతూ కూర్చున్నాడు. ఇక్కడ ఆయన భార్య గంటన్నర ఏడ్చింది. ఆమె మేనమామకు పలుకుబడి ఉంది. నెల తిరిగేసరికి మా ఊరికి తీరజల ప్రవేశ క్రమబద్ధీకరణ కార్యాలయం వచ్చింది.

అధికారి పేరు ప్రభంజనరావు. సన్నగా, గాలి వస్తే ఎగిరిపోయేట్టు ఉంటాడు. గుమాస్తా లోకనాథం పొట్టివాడు, మెత్తనివాడు. వలల పాక ముందు రేకుల షెడ్డు వేసి, ఊరందరినీ పిలిచి, ప్రభంజనరావు నిబంధనలు చదివాడు.

“మోకాలు దాటిన జలప్రవేశము సముద్రయానముగా పరిగణింపబడును. యానమునకు బయలుదేరు ప్రతి వ్యక్తియు నిర్దేశిత స్థలమున, ఒక బాధ్యతగల సాగనంపువారి సమక్షమున బయలుదేరవలెను. అదే విధముగా తిరిగి రావలెను.”

“ఎవరి మోకాలు బాబూ?” అని దానయ్య అడిగాడు. దానయ్య ఆరడుగుల మనిషి. అతని పక్కన లోకనాథం నిలబడితే గొడుగూ గొడుగు పిడీ లాగుంటారు.

“మంచి ప్రశ్న. రాష్ట్రమంతటికీ ఒకే మోకాలు. డైరెక్టరు గారిది.”

లోకనాథం ఒక కర్ర కంబం తెచ్చి తడి ఇసుకలో పాతాడు. దాని మీద ఎర్ర గీత ఉంది. అది డైరెక్టరు గారి మోకాలు. నీరు ఆ గీతను తాకిన చోట నేల ముగిసి సముద్రం మొదలవుతుంది. కానీ సముద్రానికి ఆ ఉత్తర్వు అందలేదు. పోటుకు ముందుకు వచ్చేది, పాటుకు వెనక్కి పోయేది. అందుకని లోకనాథం రోజుకు నాలుగుసార్లు కంబాన్ని పీకి, బల్లను నెత్తిన పెట్టుకొని, రిజిస్టరు చంకలో పెట్టుకొని, సముద్రం వెంట తిరిగేవాడు. తొడల దాకా తడిసినా తను నేల మీదే ఉన్నానని ఆయనకు నమ్మకం.

ఇక సాగనంపువారు కావాలి. కొలువులకు ఎవరిని తీసుకోవాలా అని చూస్తుంటే నేను కనబడ్డాను.

“మీరు రోజూ ఇక్కడ నిలబడి ఏం చేస్తుంటారమ్మా?” అని ప్రభంజనరావు అడిగాడు.

“లెక్కెడతాను బాబూ. ఎంతమంది దిగినారు, ఎంతమంది ఎక్కినారు అని.”

“ఎవరి ఆదేశం మేరకు?”

“బయం ఆదేశం బాబూ.”

ఆయన ‘సుదీర్ఘ అనుభవము కలదు’ అని రాసుకున్నాడు. చదువు వచ్చా అని అడిగాడు. బడికి పోలేదనీ, ఎండుచేపలు చుట్టే కాగితాలు కూడబలుక్కొని చదవడం నేర్చుకున్నాననీ, ఇప్పుడు అచ్చులో ఉన్నది ఏదైనా వదలననీ చెప్పాను. “స్వయంకృషి” అని ఇంకో మాట రాసుకొని, గరికిన మసేనమ్మ అనే నన్ను గౌరవ సాగనంపువారిగా నియమించి, మూల మీద ముద్ర వేసిన పచ్చ జేబురుమాలు ఇచ్చాడు. దిగే మనిషి పేరు రిజిస్టరులో రాశాక నేను సంతకం పెట్టి రుమాలు మూడుసార్లు ఊపాలి. తిరిగి వచ్చాక ఇంకో సంతకం.

మొదటి వారంలోనే నాకు ఒక మెమో వచ్చింది. ‘ఆమోదిత ఊపుల సంఖ్య మూడు. మీరు ప్రతిసారీ నాలుగు ఊపుచున్నట్లు గమనింపబడినది. నాలుగవ ఊపు అనధికార ఉద్వేగముగా పరిగణింపబడును.’

నాలుగోది ఎందుకో ఆ మెమోకు ఎలా సమాధానం రాయను? ముప్ఫై రెండేళ్ల క్రితం ఒక మిట్టమధ్యాహ్నం మా ఆయన తెప్ప నీళ్లలోకి తోస్తూ వెనక్కి తిరిగి చూశాడు. నేను చేపలు శుభ్రం చేస్తున్నాను. చేతులకు పొలుసు ఉందని ఊపలేదు. సాయంత్రం ఎలాగూ వస్తాడు కదా అనుకున్నాను. తెప్ప ఒక్కటే వచ్చింది. అప్పటి నుంచి ఎవరు నీళ్లలోకి పోతున్నా నా చెయ్యి ఒకటి ఎక్కువ ఊపుతుంది. ‘ఇకపై జాగ్రత్త వహించెదను’ అని సమాధానం రాసి, నాలుగోది పైట చాటున ఊపడం మొదలుపెట్టాను.

కార్యాలయం వర్ధిల్లింది. రిజిస్టరులో కొత్త గడి వచ్చింది, సాగనంపువారి విచారం. అల్పము, మధ్యమము, అధికము. ఏదో ఒకటి టిక్కు పెట్టాలి. ‘లేదు’ అన్న వీలు లేదు. దానయ్య పెళ్లాం పోలమ్మ ఒకరోజు మొగుణ్ణి తనే సాగనంపుతానని వచ్చింది.

“విచారం ఎంత అమ్మా?” అని లోకనాథం అడిగాడు.

“సేపలట్టుకొత్తే అల్పం బాబూ. ఉత్తి సేతులతో వత్తే అదికం.”

“అది తర్వాతి సంగతి. ఇప్పుడు ఎంత?”

“ఇప్పుడా? ఇంట్లో ఉంటేనే నాకు ఇచారం. పోనీయండి బాబూ.”

లోకనాథం చాలాసేపు ఆలోచించి మధ్యమము పెట్టాడు.

ఊరు అలవాటు పడింది. వేటకు పోయినవాళ్లు ఐసు షెడ్డు దాకా సాగిపోయి, మళ్లీ అర మైలు నీళ్లలోనే కాళ్లీడ్చుకుంటూ, నీటికి ఎదురు నడిచి, కంబం దగ్గర ఎక్కి, పేరు చెప్పుకొని ఇంటికి పోయేవారు. పట్నంవాళ్లకు ఒకసారికే పిక్కలు పట్టేసి, రావడం మానేశారు. నాకు మాత్రం ఒక కొత్త దిగులు పట్టుకుంది. పూర్వం దానయ్య నీళ్లలో నడుస్తుంటే నేను ఒడ్డు వెంట అతనితో సమంగా నడిచేదాన్ని. కంటికి కనబడుతూ ఉండేవాడు. ఇప్పుడు సాగనంపువారు కంబం విడిచి కదలరాదు. పన్నెండో నిబంధన. మనుషులు తప్పిపోకుండా పెట్టిన కార్యాలయం మూలాన మా తమ్ముడు రోజూ నా కళ్ల ముందే చిన్న చుక్కయి మాయమైపోయేవాడు.

కార్తీకంలో నీరు తేటపడింది. పలకతలలు తిన్నెల మీదికి ఎక్కే రోజులు అవి. ఒక ఉదయం దానయ్య వలల పాక దగ్గర దిగాడు. మూడు ఊపులు, పైట చాటున ఒకటి. “వచ్చేత్తానప్పా” అన్నాడు. మా వైపు అక్కను అప్ప అంటాం. మధ్యాహ్నానికి పాటు తీసింది. మూడు దాటింది, నాలుగు దాటింది. దిగినవాళ్లు పదకొండు మంది, ఎక్కినవాళ్లు పది మంది. మళ్లీ లెక్కపెట్టాను. పదే.

“బాబూ, ఐసు సెడ్డు దాకా ఒక్కసారి ఎల్లి సూసొత్తాను.”

“పన్నెండో నిబంధన, మసేనమ్మ గారూ,” అన్నాడు ప్రభంజనరావు. ఆయన గొంతులో కూడా వణుకు ఉంది కానీ నిబంధనలో లేదు.

అయిదింటికి రిజిస్టరు మూశారు. లోకనాథం ఎర్ర సిరాతో ‘తిరిగి రాలేదు’ అని రాశాడు. సైరను మోగింది. రెండు తెప్పలు నీళ్లలోకి పోయాయి. ఊరంతా ఒడ్డుకు చేరింది. నేను మళ్లీ ఒకటి నుంచి లెక్కపెడుతున్నాను. ఇంతలో ఎవరో నా భుజం మీద చెయ్యి వేశారు.

“ఎవులు పోనారప్పా? సైరను ఏసినారేటి?”

దానయ్య. మూతి మీద ఇంకా అన్నం మెతుకు ఉంది. కుడి అరచేతికి పసుపు గుడ్డ. మూడు కిలోల పలకతల పడిందట. తప్పించుకోబోయి చెంప ముల్లుతో అరచెయ్యి చీల్చిందట. నెత్తురు కారుతుంటే ఎదురు నడవలేక, దగ్గరలో ఉన్న ఐసు షెడ్డు దగ్గర ఎక్కి, ఇంటికి పోయి, కట్టు కట్టించుకొని, తిని, పడుకున్నాడట. నేను వాడి చెంప మీద ఒకటి ఇచ్చాను. తర్వాత వాడి చొక్కా పట్టుకొని వదల్లేదు.

ప్రభంజనరావు ఊపిరి పీల్చుకున్నాడు. నిజంగానే సంతోషించాడు. అయిదు నిమిషాల తర్వాత ఆయనకు ఉద్యోగం గుర్తొచ్చింది.

“దానయ్య గారూ, మీరు ఉన్నారు. కాదనను. కానీ తిరిగి రాలేదు.”

“నాను ఇక్కడే ఉన్నాను గదా బాబూ!”

“ఉండుట వేరు, తిరిగి వచ్చుట వేరు. మీరు బయలుదేరినట్లు దాఖలా ఉంది. వచ్చినట్లు లేదు.”

పోలమ్మ ముందుకు వచ్చింది. “రానేదంటారేటి బాబూ? కుండలో ముద్ద మిగల్చకుండా తిన్నాడు! రానోడు తింతాడేటి?”

“ఆహార విషయం మా పరిధిలోకి రాదమ్మా.”

మర్నాడు దానయ్య ఎడమ చేత్తో గేలం కర్ర పట్టుకొని వచ్చాడు. లోకనాథం చేతులు జోడించాడు. తిరిగి రానివాడు మళ్లీ బయలుదేరడం కుదరదు. పోనీ ఇప్పుడు తిరిగి వస్తానన్నాడు దానయ్య. సముద్రంలోంచి రావాలి. సముద్రంలోంచి రావాలంటే సముద్రంలోకి పోవాలి. పోవాలంటే తిరిగి వచ్చి ఉండాలి. పదకొండు రోజుల్లో సంగతి తేలకపోతే, నేను ‘నేను సాగనంపిన వ్యక్తి తిరిగి రాలేదని ధ్రువీకరించుచున్నాను’ అని సంతకం పెట్టాలి. ఆ కాగితం జిల్లాకు పోతే దానయ్య పేరు శాశ్వతంగా కొట్టేస్తారు. వాడు ఇక ఏ ఒడ్డునా నీళ్లలో కాలు పెట్టడానికి లేదు.

నేను ఒకసారి ఇలాంటి కాగితం మీద వేలిముద్ర వేశాను. అప్పటికి చదవడం రాదు. ఇప్పుడు చదవడం వచ్చి, అదే మాట కింద తమ్ముడి కోసం సంతకం పెట్టాలంటే నా వల్ల కాదు.

దానయ్య ఒడ్డున గొంతుకూర్చుని నీళ్లకేసి చూసేవాడు. “అదిగో అప్పా, ఆ తిన్నె అంచున తొంగుంది. నాకు తెలుత్తంది” అనేవాడు. గాల్లోనే కర్ర కొన రెండుసార్లు ఎత్తి వదిలేవాడు.

లోకనాథానికి మనసు ఆగలేదు. ఒకరోజు నీలం డ్రమ్ము తెప్పించి, సముద్రపు నీటితో నింపి, కంబం పక్కన పెట్టాడు. దానయ్య అందులో దిగి, అందులోంచి బయటికి వస్తే తిరిగి వచ్చినట్టు రాసుకోవచ్చు కదా అని ఆయన ఆలోచన. ప్రభంజనరావు దాన్ని కొట్టిపారేయలేదు. పైకి రాశాడు. మూడు రోజులకు జవాబు వచ్చింది. ‘ఆటుపోట్లు కలిగియున్న పక్షమున డ్రమ్మును సముద్రముగా పరిగణించుటకు అభ్యంతరము లేదు.’ లోకనాథం ఆ రోజంతా డ్రమ్మును అటూ ఇటూ వంచుతూనే ఉన్నాడు. దానయ్య రెండుసార్లు లోపల జారిపడ్డాడు. సాయంత్రానికి డ్రమ్ము చిల్లిపడింది. ‘సముద్రము కారిపోయినది’ అని నివేదిక పోయింది.

అప్పుడు నేను నిబంధనల పుస్తకం అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. నలభై పేజీలు. వేలు పెట్టి ఒక్కో మాటా చదివాను. అందులో రెండు సంగతులు కనబడ్డాయి. ఒకటి ముప్ఫై ఒకటో నిబంధన. తప్పిపోయిన వ్యక్తి విషయంలో సందేహం ఉంటే, అధికారి స్వయంగా ఆ వ్యక్తి దిగిన చోటే దిగి, పోయిన దారిని పరిశీలించాలి. రెండోది రిజిస్టరులో ఎవరూ పట్టించుకోని ఒక గడి గురించి. అది ఇంకా ఎవరికీ చెప్పలేదు.

పదో రోజు ఉదయం ముప్ఫై ఒకటో నిబంధన మీద వేలు పెట్టి ప్రభంజనరావుకు చూపించాను. ఆయన రెండుసార్లు చదువుకొని, ప్యాంటు మడిచి, రిజిస్టరులో పేరు రాయించుకున్నాడు. విచారం గడిలో ఏం పెట్టాలని లోకనాథం అడిగితే ఆయనే సిగ్గుపడుతూ “అల్పము” అన్నాడు. నేను సంతకం పెట్టి రుమాలు ఊపాను.

దానయ్య పొడి ఇసుక మీది నుంచి అరుస్తున్నాడు. “కాలు ఎత్తకండి బాబూ! ఈడవండి! ముసిలోళ్లు కుక్కిమంచం ఈడ్సినట్టు ఈడవండి!”

“ఈ కర్ర ఎందుకు?” అని ప్రభంజనరావు అడిగాడు. దానయ్య అప్పటికే తన గేలం కర్ర ఆయన చేతిలో పెట్టేశాడు.

“పోయినోడు కర్రతో పోయినాడు బాబూ. కర్ర నేకపోతే దారి ఎలాగ తెలుత్తాది?”

అది నిబంధన ప్రకారం సబబుగా తోచింది. ఆయన మొదటిసారి విసిరితే ఎర వెనక్కి వచ్చి లోకనాథం టోపీని పట్టింది. రెండోసారి నీళ్లలో పడింది. ఎత్తాడు, వదిలాడు. ఎత్తాడు, వదిలాడు. ఉన్నట్టుండి కర్ర వంగింది.

“ఏదో లాగుతోంది! దానయ్యా, ఏం చెయ్యాలి? త్వరగా చెప్పవయ్యా!”

“కర్ర దించకండి! దాంతోటే నడవండి బాబూ! నీరెటు పోతే అటు!”

ఆ తర్వాత ప్రభంజనరావు మాకు వీపు మాత్రమే కనబడ్డాడు. ఒకటి పట్టాడు. సంచిలో వేసుకున్నాడు. ఇంకొకటి కోసం తిన్నె వెంట సాగాడు. చుక్కయ్యాడు. నేను పన్నెండో నిబంధన ప్రకారం కంబం దగ్గరే ఉన్నాను. నాకు భయం వేయకపోలేదు. కానీ ఐసు షెడ్డు దగ్గర పోలమ్మను కూర్చోబెట్టి ఉంచాను. ఆమె ఏ నిబంధనలోనూ లేదు.

నాలుగున్నరకు ఆయన అక్కడ ఎక్కాడట. పోలమ్మ చేపలు చూసి మెచ్చుకొని, టీ ఇప్పించిందట. ఐసు షెడ్డులో ఉన్న ప్రతి మనిషికీ ఆయన చేప చేప చూపించి కథ చెప్పాడట. నడిచి మా దగ్గరకు వచ్చేసరికి అయిదుంబావు. చొక్కా తడిసి, జుట్టు చెదిరి, పదేళ్లు తగ్గినట్టున్నాడు.

“లోకనాథం! మూడు! చిన్నది చూడు, ఇది కూడా కిలో ఉంటుంది!”

లోకనాథం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. కళ్ల నిండా నీళ్లు. రిజిస్టరు ఆయన ముందుకు తిప్పాడు. ఎర్ర సిరా ఇంకా ఆరలేదు.

“ఇదేమిటి? నేను ఇక్కడే ఉన్నాను కదా!”

“ఉన్నారు బాబూ, కాదన్ను,” అన్నాను. “కానీ తిరిగి రానేదు.”

ప్రభంజనరావు చేపల సంచితో సహా ఇసుకలో కూర్చున్నాడు. కొట్టిపారేద్దామంటే కుదరదు. తిరిగి రాని అధికారి సంతకం చెల్లదు. ఆ నిబంధన ఆయనే చేర్చాడు. పైకి రాద్దామంటే రాయాల్సింది ఆయనే. దానయ్య పక్కన చతికిలబడి ఆయన భుజం తట్టాడు. “మొదటి రెండు రోజులే కట్టం బాబూ. తరవాత అలవాటైపోద్ది.”

“మసేనమ్మ గారూ,” అన్నాడు ఆయన, “ఆ పుస్తకం మీరు మొత్తం చదివారు కదూ?”

చదివాను. అందుకే రిజిస్టరు దగ్గరికి తీసుకొని, ఆ రెండో సంగతి చూపించాను. నా సంతకం పక్కన సన్నటి గడి. ‘తిరిగి వచ్చిన వ్యక్తిని సాగనంపువారు కన్నులారా చూచిన చోటు.’ మొదటి రోజు నుంచి లోకనాథం అందులో ‘కంబము’ అని రాసి, కింద అన్నిటికీ అడ్డగీతలు గీసుకుంటూ పోయాడు. చోటు ఒక్కటే అయితే గడి ఎందుకు పెట్టారు బాబూ అని అడిగాను. చూసినది నేను. చూసిన చోటు రాయవలసింది కూడా నేనే.

“మరి అయిదు దాటాక...” అని లోకనాథం గొణిగాడు.

“అక్కడ సోటు అడిగినారు. ఏళ అడగనేదు.”

ప్రభంజనరావు ఆ గడిని దగ్గరగా పెట్టుకొని చూశాడు, దూరంగా పెట్టుకొని చూశాడు. పదవిలో ఉన్నప్పుడు ఆయన ఒప్పుకునేవాడు కాడేమో. “చాలా స్పష్టంగా ఉంది. రాయండమ్మా,” అన్నాడు.

“వరస పెకారం రాత్తాను బాబూ. ముందుపోయినోడు ముందు.”

పేజీలు వెనక్కి తిప్పి దానయ్య పేరు పట్టుకున్నాను. ‘తిరిగి రాలేదు’ మీద అడ్డంగా గీత గీశాను. గడిలో ‘నా భుజం దగ్గర’ అని రాసి సంతకం పెట్టాను. ఆ సంతకం పెట్టడానికి నాకు కాస్త ఎక్కువసేపు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు. ఆ తర్వాత ప్రభంజనరావును ‘చేపల సంచి వెనక’ తిరిగి వచ్చినట్టు రాశాను.

మర్నాటి నుంచి ఎవరికి ఎక్కడ వీలైతే అక్కడే ఎక్కారు. సాయంత్రం నేను ఇంటింటికీ తిరిగి కళ్లారా చూసి రాసుకుంటాను. ‘పొయ్యి దగ్గర’, ‘అరుగు మీద’, ‘పెళ్లాంతో తగువులో’. పై నుంచి పరిశీలకులు వచ్చి, తీరంలో నష్టం సున్నా అని మెచ్చుకొని, ఈ పద్ధతిని మిగతా ఊళ్లకూ పాకించారు. కంబానికి లోకనాథం తువ్వాలు ఆరేసుకుంటున్నాడు. పన్నెండో నిబంధన మాటేమిటని నేనూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఒడ్డు వెంట దానయ్యతో సమంగా నడుస్తున్నాను.

ప్రభంజనరావు ప్రతి ఆదివారం లుంగీ కట్టుకొని వస్తాడు. దానయ్య చేసిన ఎరలే వాడతాడు. మొన్న ఇద్దరూ కలిసి దిగారు. నేను రుమాలు ఊపాను, మూడుసార్లు. ఎంతైనా అధికారి ఎదుట కదా అని నాలుగోది పైట చాటుకు తీసుకున్నాను. ఆయన నాలుగు అడుగులు కాళ్లీడ్చుకుంటూ పోయి, ఆగి, వెనక్కి తిరిగాడు.

“మసేనమ్మ గారూ! మూడే ఊపారేమండీ?”

పైట చాటు నుంచి చెయ్యి బయటికి తీసి, బాగా పైకెత్తి ఊపాను.